ఓడ్డా, ఓలెసుండ్: ఒకే రోజు విలీనం, వేర్వేరు కథలు

రెండూ నార్వే పడమటి తీరంలోని ఫియోర్డు (కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పట్టణాలే. ఓలెసుండ్ సముద్రానికి ఎదురొడ్డి, వంతెనలతో కలిసిన దీవుల మీద పరుచుకుని ఉంటుంది. ఓడ్డా మాత్రం హార్డాంగర్ ఫియోర్డు నుంచి చీలిన సోర్‌ఫియోర్డు చిట్టచివర, నిటారు కొండల నడుమ ఇరుక్కుని ఉంటుంది.

ఓలెసుండ్‌ను పోషించింది చేపలు. 1848లోనే దానికి పట్టణ హోదా దక్కింది. 1904 జనవరి 23న తెల్లవారకముందే రేగిన మంటల్లో చెక్క ఇళ్లు బూడిదై, దాదాపు పదివేల మంది ఎముకలు కొరికే చలిలో వీధిన పడ్డారు. నేడు పర్యాటకులు మెడలెత్తి చూసే బురుజులు, పూలతీగల నగిషీలు ఆ తర్వాత రాతితో, ఇటుకతో కట్టినవే.

ఓడ్డాను పెంచింది జలపాతాలు. 1908లో పక్కనున్న టిస్సెడాల్‌లో జలవిద్యుత్తు, ఇక్కడ కార్బైడ్ ఫ్యాక్టరీ మొదలయ్యాయి. 1913లో ఉల్లెన్స్‌వాంగ్ నుంచి వేరుపడి సొంత మునిసిపాలిటీ అయింది.

2020 జనవరి 1న రెండూ విలీనాల్లోకి వెళ్లాయి. ఓలెసుండ్ మరో నాలుగు మునిసిపాలిటీలను కలుపుకుని పేరు నిలబెట్టుకుంది. అయితే వాటిలో హారామ్ ఇమడలేక 2024లో వేరు కాపురం పెట్టింది. ఓడ్డా మాత్రం మళ్లీ ఉల్లెన్స్‌వాంగ్ గూటికే చేరింది. కార్యాలయం ఓడ్డాలో, పేరు పుట్టింటిది!

అందం సంగతి అటుంచితే, చరిత్రకు నా ఓటు ఓడ్డాకే. ఆ కార్బైడ్ ఫ్యాక్టరీ కొలిమి 2003లో ఆరిపోయింది, పట్టణ హోదా 2004లో వచ్చింది.