హాస్కెల్‌లో సీరియలైజేషన్ లైబ్రరీని ఎంచుకోబోతున్నవారికి హెచ్చరిక: ‘సురక్షితం’ అన్న మాటను నమ్మకండి

కోపం ఇంకా చల్లారలేదు కనుక మాట కటువుగా ఉంటే మన్నించండి. హాస్కెల్ ప్రోగ్రామింగ్ భాషలో డేటాను దాచేందుకు బైట్లుగా మార్చే (సీరియలైజేషన్) లైబ్రరీ ఒకటి నన్ను ముంచింది, దాని పేరు రాయడం లేదు. హాస్కెల్‌లో ఏది ఎంత వేగమో చూపే పోలిక పట్టికలను తిరగేసినవారికి అది ఏ కోవదో ఇట్టే తెలిసిపోతుంది. పట్టికలో పైన ఉందన్న ఒక్క కారణంతోనే దానిని తెచ్చుకున్నాను. మా ఆర్డర్ల రద్దీకి అందులో పదో వంతు వేగం చాలు. రేసు గుర్రాన్ని కొని ఇటుకలు మోయించిన తెలివి నాది.

ఆర్డరు స్థితికి మా టైప్‌లో మూడు కన్‌స్ట్రక్టర్లు (ఆ టైప్ తీసుకోగల విలువల పేర్లు) ఉండేవి: వేచివుంది, పూర్తయింది, రద్దయింది. చేత్తో కోడ్ రాయకుండా, టైప్ నిర్మాణాన్ని చూసి ఆ కోడ్‌ను దానంతటదే తయారుచేసే జెనెరిక్ డిరైవింగ్‌కే వదిలేశాను. అది కన్‌స్ట్రక్టర్ పేరును ఎక్కడా దాచదు. వరుసలో దాని స్థానాన్ని బట్టి 0, 1, 2 అని ఒక్క బైటు రాసి ఊరుకుంటుంది. గత వారం ‘పరిశీలనలో’ అనే కొత్త స్థితి అవసరమైంది. చివర చేర్చి ఉంటే పాత రికార్డులకు ఏమీ అయ్యేది కాదు. కానీ పనులు జరిగే క్రమంలో ఉంటే చదవడానికి బాగుంటుందని, దానిని ‘వేచివుంది’ తరువాత, రెండో స్థానంలో పెట్టాను. కంపైలర్ కిమ్మనలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి. కంపైల్ అయితే పనిచేసినట్టే అని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు కదా, నేనూ ఆ గర్వంతోనే దానిని సర్వర్‌పైకి పంపి నిద్రపోయాను.

తెల్లవారేసరికి రద్దయిన ఆర్డర్లన్నీ పూర్తయినవిగా, పూర్తయినవన్నీ పరిశీలనలో ఉన్నవిగా కనిపించాయి. ఒక్క ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క పంక్తి లేదు, ఎందుకంటే 1, 2 కొత్త టైప్‌లోనూ చెల్లే సంఖ్యలే. అంతటితో ఆగినా బతికిపోయేవాడిని. కానీ ప్రోగ్రామ్ రాత్రంతా పాత రికార్డులను చదివి, తప్పుగా అర్థం చేసుకుని, కొన్నింటిని కొత్త సంఖ్యలతో తిరిగి రాసింది. ఇప్పుడు 2 అని ఉన్న రికార్డు పాత రద్దో, కొత్త పూర్తో ఆ బైటును చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. చివరి బ్యాకప్ తరువాత వచ్చినవాటిని ఒక్కొక్కటిగా చెల్లింపుల పత్రాలతో సరిపోల్చుకుంటూ కూర్చున్నాను.

ఇంతవరకు తప్పు నాదేనని ఒప్పుకుంటాను. నన్ను రగిలించినది ఆ తరువాతి సంగతి. లైబ్రరీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘వేగం, సురక్షితం’ అని ఉంటుంది. జరిగినదంతా మర్యాదగా వివరించి, డేటాతో పాటు టైప్ ఆకారానికి (కన్‌స్ట్రక్టర్లకు, వాటి వరుసకు) ఒక గుర్తును రాసే సదుపాయం ఉందా, లేకపోతే కనీసం ఈ ప్రమాదాన్ని మొదటి పేజీలో చెప్పగలరా అని నిర్వాహకుడిని అడిగాను. పది నిమిషాలైనా గడవకముందే రెండు వాక్యాల జవాబిచ్చి చర్చను మూసేశాడు. టైప్ ఆకారమే ఫార్మాట్ అన్న సంగతి తెలియనివారు బైనరీ జోలికి రాకూడదట. ‘సురక్షితం’ అంటే బఫర్ (డేటా ఉంచిన మెమరీ భాగం) హద్దు దాటి చదవదని మాత్రమేనట. ఆ మాటను నేను నా డేటాకు భద్రతగా చదువుకోవడం నా భాషాజ్ఞాన లోపమన్నమాట! హెచ్చరిక నిజంగానే ఉంది, లోపలి మాడ్యూల్ ఒకదాని వివరణలో, ఒక్క పంక్తిలో, ఎవరూ తెరవని చోట. బీమా పత్రంలో మినహాయింపులను కూడా ఇంతకంటే పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు.

న్యాయంగా చెప్పాలంటే, స్థానాన్ని సంఖ్యగా రాసే అలవాటు ఈ ఒక్క లైబ్రరీది కాదు. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీతో పాటే వచ్చే ‘బైనరీ’ లైబ్రరీలో జెనెరిక్ డిరైవింగ్ చేసేదీ ఇదే. సీబార్ (CBOR) అనే బైనరీ ఫార్మాట్ తనను తాను వివరించుకుంటుందని విని అటు పరుగెత్తేవారు కూడా ఒకసారి ఆగాలి: బైట్లలో ఉన్నది సంఖ్యా, అక్షరాలా, జాబితానా అన్నదే అది చెబుతుంది తప్ప, ఆ సంఖ్య మీ టైప్‌లో దేనికి గుర్తో చెప్పదు. డేటాను JSON అక్షరాలుగా రాసే ‘ఈసన్’ (aeson) లైబ్రరీ మాత్రం డిఫాల్ట్‌గా కన్‌స్ట్రక్టర్ పేరునే రాస్తుంది. స్థలం ఎక్కువ తీసుకుంటుంది, నెమ్మదిగా నడుస్తుంది, కానీ మధ్యలో కొత్తది చేరితే చెక్కుచెదరదు, పేరు మారితే వెంటనే అరుస్తుంది. ఆ అరుపు విలువ నాకు ఇప్పుడు తెలిసింది.

ఇక ఎంచుకోబోయేవారికి రెండు మాటలు. ఎన్‌కోడ్ చేసి (బైట్లుగా మార్చి) మళ్లీ డీకోడ్ చేసి (వెనక్కి చదివి) చూసే టెస్టును నమ్ముకోకండి. రెండు వైపులా కొత్త కోడే ఉంటుంది కనుక అది ఇలాంటి తప్పును ఎన్నటికీ పట్టదు. నిరుడు రాసిన బైట్ల ఫైలును దాచి, నేటి కోడ్‌తో చదివించి చూడండి. డేటా డిస్కుపై ఏళ్ల తరబడి ఉండేదైతే, వెర్షన్ సంఖ్యను రాసి పాతదానిని కొత్తదానిగా మార్చే ఫంక్షన్ అడిగే ‘సేఫ్‌కాపీ’ వంటి లైబ్రరీనో, సంఖ్యలను మీ చేతనే రాయించే ప్రోటోబఫ్ అనే గూగుల్ ఫార్మాట్‌నో చూసుకోండి. నేను మళ్లీ ఆ రికార్డుల దగ్గరకు వెళ్లాలి. 3 ఉన్నవి కచ్చితంగా కొత్తవే, 0 ఉన్నవాటికి ఏమీ కాలేదు, మిగిలినవన్నీ నా ఈ వారాంతానికి రాసిపెట్టి ఉన్నాయి.