మైనస్ 40లో నాలుగు చలికాలాలు: నా కారుకు నిజంగా పనికొచ్చినవి

మా మేనల్లుడికి కెనడాలో, నేనుండే సాస్కటూన్‌లోనే ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరులో చేరాలి. మే నెలలో నేను సెలవుకి అనంతపురం వచ్చినప్పటి నుంచి రోజూ రాత్రి మిద్దె మీద ఇదే మాట. "మామా, ఆడ కారుకు ఏమేం చేయించల్ల?" అని వాడు, "ఇంజన్‌కు కరెంటు పెడతారంట గదా, నిజమేనా బామ్మర్దీ?" అని బావ. బయట 42 డిగ్రీలు కాసిన రోజు చలి గురించి చెబితే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. కానీ వాడు వెళ్లిన రెండు నెలలకే ఇదంతా అవసరం పడుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నా కారు 2014 కరోలా. వాంకూవర్‌లో ఉన్నప్పుడు కొన్నాను. అక్కడ వాన ఎక్కువ, చలి తక్కువ. 2021 అక్టోబరులో ఉద్యోగం మారి దాన్ని నడుపుకుంటూ సాస్కటూన్ వచ్చేసరికి ఆ కారు అసలైన చలి చూసి ఎరగదు. సాస్కటూన్‌లో జనవరి రాత్రుల్లో మైనస్ 30 వింతేమీ కాదు. కొన్నేళ్లలో మైనస్ 40 దాకా పోతుంది. వార్తల్లో గాలితో కలిపి మైనస్ 50 అని భయపెడతారు గానీ అది మన ఒంటికి వేసే లెక్క. గాలి వల్ల ఇంజన్ తొందరగా చల్లారుతుందే తప్ప, అసలు ఉష్ణోగ్రత కంటే కిందికి పోదు.

మొదటి తప్పు దారిలోనే చేశాను. కూలెంటు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, కొంచెం తగ్గినట్టు కనిపిస్తే ఒకటిన్నర లీటరు మంచినీళ్లు పోశాను. మన ఊళ్లో ఎండాకాలం ఎవరైనా చేసే పనే. నవంబరులో గ్యారేజీ అతను కూలెంటు చుక్క తీసి చిన్న పరికరంలో చూసి, ఇది మైనస్ 20 దాకానే ఆగుతుందన్నాడు. నీళ్లు గడ్డకడితే వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడికి ఇంజన్ బ్లాకే పగలొచ్చు. మొత్తం తీసేసి కొత్తది పోయించాను. సగం గ్లైకాల్ (నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ద్రవం), సగం నీళ్లయితే మైనస్ 37 దాకా కాస్తుంది. నేను 60కి 40 పాళ్లలో వేయించాను, అది మైనస్ 50 దాకా ఆగుతుంది. అలాగని నీళ్లు కలపకుండా ఉత్త గ్లైకాల్ పోస్తే అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. పాళ్లు కుదరడమే ముఖ్యం.

ఇక అన్నిటికంటే పనికొచ్చింది బ్లాక్ హీటర్. బావ అడిగిన కరెంటు సంగతి ఇదే. ఇంజన్ లోపల కూలెంటు తిరిగే చోట ఒక చిన్న హీటర్ బిగిస్తారు, మన వాటర్ హీటర్ కాయిల్ లాంటిదే. దాని తీగ కారు ముందు జాలీలోంచి బయటికి వేలాడుతూ ఉంటుంది. రాత్రి దాన్ని గోడకున్న ప్లగ్గులో పెడతాం. మా ఆఫీసు పార్కింగులో కూడా కార్ల కోసం వరసగా ప్లగ్గులు ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు అన్నీ ఎలక్ట్రిక్ కార్లేమో అనుకున్నాను.

ఎందుకు అవసరమో అమ్మకు ఒక్క మాటలో అర్థమైంది. డిసెంబరులో కొబ్బరినూనె సీసా గడ్డకడితే ఎండలో పెడుతుంది కదా, ఇదీ అంతే. మైనస్ 35లో ఇంజన్ ఆయిల్ చిక్కని తేనెలా అవుతుంది. దాన్ని కదిలించడానికి బ్యాటరీ ఎక్కువ బలం పెట్టాలి, కానీ సరిగ్గా ఆ చలిలోనే బ్యాటరీ బలం సగానికి పైగా పడిపోతుంది. హీటర్ వేస్తే ఈ రెండు కష్టాల్లో ఒకటి తగ్గుతుంది.

నాది 400 వాట్లది. బిగించడంతో కలిపి 350 డాలర్లు అయింది. మొదటి నెల రాత్రంతా పెట్టి ఉంచాను. అది దండగ. పది గంటలకు నాలుగు యూనిట్లు కాలుతుంది. మూడు గంటలు చాలు. ఒక టైమర్ కొని ఉదయం నాలుగుకు వెలిగేలా పెట్టాను, ఏడుంబావుకు బయల్దేరుతాను. 1.3 యూనిట్లతో పని అయిపోతుంది. మైనస్ 15 కంటే చలి ఉంటేనే పెడతాను.

2022 డిసెంబరులో ఒక రాత్రి కరెంటు పోయింది, నాకు తెలియలేదు. పొద్దున మైనస్ 36. తాళం తిప్పితే ఇంజన్ "ఊఁ... ఊఁ..." అని రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. అంతకు ముందురోజు అదే చలిలో, హీటర్ పెట్టినప్పుడు, ఒక్క తిప్పుకే లేచింది. ఆ రెండు శబ్దాల తేడా విన్నాక హీటర్ అవసరమా అని ఎవరైనా అడిగితే నాకు రెండో ఆలోచనే రాదు. ఎక్స్‌టెన్షన్ తీగ మాత్రం చలికి మెత్తగా ఉండే రకమే కొనాలి. నేను మొదట కొన్న చవక తీగ కర్రలా బిగుసుకుపోయి, చుట్టబోతే పైతొడుగు పెళపెళ విరిగింది. లోపలి రాగి బయటపడింది.

టైర్ల విషయంలో లోభం వద్దు. అన్ని కాలాలకూ అని అమ్మే టైర్ల రబ్బరు 7 డిగ్రీల కిందికి పోయేకొద్దీ బిరుసెక్కుతుంది, మంచు మీద పట్టు ఉండదు. పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తు ఉన్నవే నిజమైన చలి టైర్లు. నేను నోకియన్ హక్కపెలీట్టా వేయించాను, మేకులు లేని రకం. 1934లోనే చలి టైరు చేసిన ఫిన్లాండ్ కంపెనీ అది. రిమ్ములతో కలిపి నాలుగింటికీ దాదాపు 1,300 డాలర్లు. ఖరీదే. కానీ మూడో చలికాలంలో సిగ్నల్ దగ్గర, గాజులా నునుపు తేలిన మంచు మీద, ముందు బండి ఉన్నట్టుండి ఆగితే నాది దానికి మూరెడు దూరంలో ఆగింది. పక్క వరసలో బండి జారుకుంటూ కూడలి మధ్యలోకి పోయింది. ఆ రోజు మా పాప వెనక సీట్లో ఉంది. ఆ తర్వాత డబ్బు గురించి ఎప్పుడూ బాధపడలేదు. నాలుగూ మార్చాలి, ముందు రెండే మారిస్తే వెనక భాగం జారుతుంది.

ఇంకో రెండు సంగతులు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, నెలకోసారి చూసుకోవాలి. రాత్రంతా కదలకుండా నిలిస్తే టైరు నేలకు ఆనిన చోట చదునుగా బిగుస్తుంది. పొద్దున మొదటి కిలోమీటరు దడదడ ఊగుతుంది. మొదటిసారి చక్రం ఊడిందేమోనని టెన్షన్ పడి ఆపి దిగి చూశాను. వేడెక్కితే అదే సర్దుకుంటుంది.

బ్యాటరీ 2023లో మార్చాను. మైనస్ 18లో ఎంత కరెంటు ఇవ్వగలదో దాని మీద రాసి ఉంటుంది, ఆ అంకె కారుకు చెప్పినదానికంటే ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మైనస్ 10 లోపే గడ్డకట్టి పగలగలదు. కాబట్టి లైట్లు ఆపామా అన్నది అక్కడ చిన్న విషయం కాదు. ఇంజన్ ఆయిల్ 0W-20, అంటే చలిలోనూ పలచగా పారే రకం, వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. అద్దం కడిగే నీళ్లు మైనస్ 40 రకమే పోయాలి.

ఇంట్లోంచే బటన్ నొక్కి కారు స్టార్ట్ చేసే రిమోట్ స్టార్టర్‌కి 500 డాలర్లు పెట్టాను. నా లెక్కలో అది అవసరం లేదు. సీటు వెచ్చగా ఉంటుంది, అంతే. ఇంజన్ లేవలేని చలిలో రిమోట్ నొక్కినా లేవదు. ఆ డబ్బుతో మంచి బ్యాటరీ, టైమర్ రెండూ వచ్చేవి.

డిక్కీలో పార, జంపర్ తీగలు, రెండు దుప్పట్లు, ఇసుక సంచి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఉండాలి. పెట్రోలు సగానికి తగ్గనివ్వకూడదు. ఎక్కడైనా మంచులో ఇరుక్కుంటే ఇంజన్ వేసేముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తవ్వాలి. అది మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. ఇది మా మేనల్లుడి చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

ఒకసారి తొందరలో ప్లగ్గు తీయకుండానే కారు కదిపాను, తీగ తెగి కొత్తది వేయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి రాత్రి తీగను డ్రైవరు వైపు అద్దానికి ఒక చుట్టు చుట్టి ప్లగ్గులో పెడతాను. పొద్దున తలుపు తీయాలంటే ముందు దాన్ని విప్పాల్సిందే.