కారు తలుపులకు బ్యుటైల్ షీట్లు వేశాక

తలుపు వేస్తే ఖాళీ డబ్బా మోగినట్టుండేది. అందుకే 2 మిల్లీమీటర్ల బ్యుటైల్ షీట్లు (పైన అల్యూమినియం పొర ఉండి, రేకుకు అతుక్కునే రబ్బరు లాంటి షీట్లు) తెచ్చి నేనే అంటించాను. లోపలి ప్యాడ్ విప్పి, రేకు మీది జిడ్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. అసలు కష్టం షీటును రోలర్‌తో నొక్కే దగ్గరే. అల్యూమినియం పొర మీది గళ్లు చదునయ్యేదాకా గట్టిగా నొక్కాలి, లేదంటే లోపల గాలి ఉండిపోతుంది. ఆ పొర అంచు బ్లేడులా కోస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం దయచేసి మూయకండి, తుప్పు పడుతుంది. రేకంతా కప్పక్కర్లేదు, ఎక్కువగా అదిరే చోట వేస్తే చాలు.

ఇప్పుడు తలుపు ధబ్బుమని బరువుగా పడుతోంది. స్పీకర్ల బేస్ ఎంత బాగుందో! టైర్ల హోరు మాత్రం పెద్దగా తగ్గలేదు. ఈ షీటు రేకు అదురును ఆపుతుంది గానీ గాలిలో వచ్చే శబ్దాన్ని అంతగా ఆపదు. దానికి ఫ్లోర్ మీద బరువైన వినైల్ పొర వేయాలి.