పాత పద్మినికి పెట్రోల్ పంపు: కిట్ వేయించాలా, ఎలక్ట్రిక్ పెట్టాలా?

మార్చి దాటిందంటే పాత ఫియట్ కార్లు, ప్రీమియర్ పద్మిని కార్లు ఉన్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే. బండి వేడెక్కగానే ఆగిపోతోంది, ఉన్న పంపుకే కిట్ (లోపల మార్చే రబ్బరు సామాను) వేయించాలా, లేక దాన్ని పీకేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టేద్దామా అని. ప్రొద్దుటూరు నుంచి ఒకాయన ఈ ఏడు మూడోసారి ఫోన్ చేశాడు. పోయిన మే నెలలో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి, అందరికీ ఒక్కసారే రాసేస్తున్నాను.

మాది మా నాయన 1986లో కొన్న పద్మిని. రాయచోటిలో పెళ్లికి బయల్దేరి గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే రెండో గేరులో దగ్గడం మొదలుపెట్టింది. ఇంకో మలుపు తిరిగేలోపు ఆగింది. వెనక సీట్లో మామగారు, అత్తమ్మ. మామగారు ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. టవలు తడిపి పంపు మీద వేసి, ఇరవై నిమిషాలు రోడ్డు పక్కన నిలబడ్డాం. బండి స్టార్టయింది కానీ మేం చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆయన బస్సెక్కారు.

వేపర్ లాక్ గురించి, అంటే పెట్రోలు పైపులోనే ఆవిరై పంపుకు అందకపోవడం గురించి, పాత బండి నడిపేవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. పెట్రోలులోని తేలిక భాగం 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడుతుంది, మా కడపలో మే నెల గాలే అంత వేడి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఏ పంపూ కొనక ముందు, బండి ఆగిన వెంటనే పెట్రోల్ ట్యాంకు మూత తీసి చూడండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయిందంటే తప్పు పంపుది కాదు, మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. పిన్నీసుతో పోయే రోగానికి పంపు మార్చినవాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు.

సరే, మూత బాగానే ఉంది. వేడికి ఎలక్ట్రిక్ పంపే మంచి మందు, అందులో వాదన లేదు. పద్మిని పంపు మెకానికల్, ఇంజిన్‌కు అంటుకుని ఇంజిన్ తిరిగితేనే కొడుతుంది. ఎక్కడో వెనకున్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చి లాక్కోవాలి. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతుంది. ఎలక్ట్రిక్ పంపును ట్యాంకు పక్కనే, ఇంజిన్ వేడికి దూరంగా బిగిస్తారు. అది వెనక నుంచి తోస్తుంది కాబట్టి పైపులో ఆవిరి పట్టే అవకాశం బాగా తగ్గుతుంది. నెల రోజులు కదలని బండికైనా కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు ఇచ్చేది) నిండటానికి పదిసార్లు సెల్ఫ్ కొట్టక్కర్లేదు.

దాంతో వచ్చే తంటాలూ ఉన్నాయి. కార్బురేటర్‌కు కావలసింది 3 పీఎస్ఐ దరిదాపు ఒత్తిడి. కార్బురేటర్ లేని కొత్తరకం ఇంజెక్షన్ బండి పంపు 40 పైన కొడుతుంది. షాపులో ఏదుంటే అది తెచ్చి పెడితే కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే నీడిల్ వాల్వు ఆ ఒత్తిడికి ఆగదు, పెట్రోలు పొంగి ఇంజిన్ మీద పడుతుంది. రెండోది, ఇంజిన్ ఆగినా ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు కొడుతూనే ఉంటుంది. ఎక్కడైనా గుద్దుకుని పైపు తెగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంజిన్ ఆగగానే పంపు కూడా ఆగేలా రిలే (పంపుకు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చి), ఆయిల్ ప్రెషర్ స్విచ్చి పెట్టించాలి. మన దగ్గర పెట్టిన చాలా బండ్లలో అవి కనపడవు.

ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. నేను ఎలక్ట్రిక్ వైపు పోకపోవడానికి కారణం వేరే ఉంది. ఏ పార్టు ఎంతకాలం వస్తుందని కాదు, చెడేముందు చెప్తుందా లేదా అన్నదే నేను చూసేది. ఎలక్ట్రిక్ పంపు చెప్పదు. మైదుకూరు దాటాక రాత్రి పది గంటలకు మా స్నేహితుడి బండి లైటు ఆపినట్టు ఆగిపోయింది. పంపు కాలిందా, రిలే పోయిందా, ఎర్త్ వైరు ఊడిందా తెలియదు. ఆ వేళప్పుడు టెస్ట్ లైటు ఎవరి దగ్గరుంటుంది? పొద్దున లారీకి కట్టి లాక్కొచ్చాడు.

పాత మెకానికల్ పంపు అట్లా కాదు, వారాల ముందు నుంచే మొర పెట్టుకుంటుంది. ఎక్కుడులో లాగదు. పొద్దున స్టార్టింగుకు మొరాయిస్తుంది. పంపు లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, చిరిగితే పంపు కింద చిన్న రంధ్రంలోంచి పెట్రోలు చెమ్మ కనపడుతుంది. అదీ చూడకపోతే ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి వాసన చూడండి. ఆయిల్ పెట్రోలు వాసన కొట్టి, మట్టం పెరిగి ఉంటే పెట్రోలు సంపులోకి, అంటే ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టిలోకి, దిగుతున్నట్టే. అప్పుడిక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు, పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి. మా బండి చూసే భాయ్ ప్రతి ఆదివారం నాతో డిప్‌స్టిక్ వాసన చూపించేవాడు. “ముక్కు ఉంది కదా నాయనా, మీటరు ఎందుకు?” అనేవాడు.

పైగా ఆ పంపు విప్పదీయొచ్చు. స్క్రూడ్రైవరు, రెండు స్పానర్లు, ఒక కిట్ చాలు. చెట్టు కింద కూర్చుని గంటలో వేసుకోవచ్చు. కిట్ ధర వందల్లోనే. అయితే ఒక జాగ్రత్త: ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతరకం రబ్బరు దానికి ఉబ్బిపోవడమో, గట్టిపడి పగలడమో జరుగుతుంది. ఎప్పటి నుంచో షాపు అటక మీదున్న ‘ఒరిజినల్ కిట్’ దొరికిందని సంబరపడకండి. ఇథనాల్‌కు తట్టుకునే డయాఫ్రమా కాదా అడిగి తీసుకోండి, పైపులు కూడా ఫ్లోరో రబ్బరువి మార్చేయండి.

పంపుకూ ఇంజిన్‌కూ మధ్య బేకలైట్ (వేడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్) ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని పారేయొద్దు. అది వేడిని ఆపడమే కాదు, దాని మందాన్ని బట్టే పంపును కొట్టించే కడ్డీ, పుష్‌రాడ్, ఎంత బయటికి రావాలో తేలుతుంది. మందం ఎక్కువైతే పెట్రోలు చాలదు, తక్కువైతే ఒత్తిడి పెరిగి కార్బురేటర్ పొంగుతుంది. ‘కొత్త కిట్ వేసినా పని చేయలేదు’ అని నా దగ్గరికి వచ్చిన పంపుల్లో ఒకదానికి ఈ ముక్క బదులు అట్ట కత్తిరించి పెట్టారు.

మొత్తం పంపు కొత్తది కొంటే? డూప్లికేట్లు దొరుకుతాయి, బెంగళూరు జేసీ రోడ్డు పార్టుల షాపుల్లో అడిగితే ఇస్తారు. నేను తెచ్చిన ఒకటి ఎనిమిది నెలలు వచ్చింది. కొన్నింటిలో రెండు సగాలను నొక్కి మూసేస్తారు కాబట్టి విప్పలేం, చెడితే పారేయడమే. 2001లో తయారీ ఆగినా ముంబై టాక్సీలు తిరిగినన్నాళ్లూ సామానుకు గిరాకీ ఉండేది. 2023 అక్టోబరులో చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగింది. ఇక కొత్తగా ఎవరు చేస్తారు? చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులో పాత ఒరిజినల్ పంపు దొరికితే తీసుకోండి, బాడీ పగలకపోతే చాలు. ఇంజిన్‌నే మార్చేసి వ్యాను ఇంజిన్ పెట్టేద్దామనేవాళ్లు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి మాట్లాడుకోండి, ఆ జోలికి నేను పోను.

చివరికి నేను కిట్టే వేయించాను. పైపును సైలెన్సర్ వేడికి తగలకుండా పక్కకు తిప్పించాను. ఈ మే నెలలో ఘాట్ మూడుసార్లు ఎక్కితే ఒక్కసారి తడిగుడ్డ వేయాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ అయ్యుంటే అదీ అవసరం ఉండేది కాదేమో, ఒప్పుకుంటాను. మనది పొడి ఎండ కాబట్టి గుడ్డలో నీళ్లు తొందరగా ఆరి పంపు చల్లబడుతుంది. ఇదే చిట్కా చెన్నై ఉక్కపోతలో అంతగా పారదు.

అందుకే ప్రొద్దుటూరాయనకు మాత్రం వేరే చెప్పాను. ఆయన నెలకు రెండుసార్లు పట్టపగలు చెన్నై పోయి వస్తాడు. ఆయన ఎలక్ట్రిక్ పెట్టించుకోవడమే మేలు. తక్కువ ఒత్తిడిది, రిలేతో సహా. పాత పంపును, పుష్‌రాడ్‌ను, బేకలైట్ ముక్కను మాత్రం గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోమన్నాను.