వర్తికా చతుర్వేదా, హాథీరామ్ చౌధరీయా: ఎవరు మేలు?

క్రైమ్ సిరీస్‌లు చూసేవాళ్లం నలుగురం కలిస్తే చాలు, మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. 'ఢిల్లీ క్రైమ్'లో డీసీపీ వర్తికా మేడమ్ గొప్పా, 'పాతాళ్ లోక్'లో ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ గొప్పా? 2025లో రెండింటికీ కొత్త సీజన్లు వచ్చాయి. జనవరిలో 'పాతాళ్ లోక్' రెండోది, నవంబర్‌లో 'ఢిల్లీ క్రైమ్' మూడోది. అప్పటి నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వినపడుతోంది. నన్ను అడిగినవాళ్లకు ఒక్క ముక్కలో చెబితే సరిపోవడం లేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. రెండూ చూశారనే అనుకుని రాస్తున్నా. కథలోని ముఖ్యమైన విషయాలు, ఒక చావుతో సహా, దాచలేదు. చూడనివాళ్లు చూశాకే చదవండి.

తెలివిలో ఎవరు ఎక్కువ అని పోల్చడం నాకు పెద్దగా ఇష్టం లేదు. ఇద్దరూ షెర్లాక్ హోమ్స్‌లు కారు. వర్తికా టీమ్ సీసీటీవీ ఫుటేజీ ముందు గంటల తరబడి కూర్చుని తెల్ల బస్సును పట్టుకుంటుంది. హాథీరామ్ ఊళ్లు తిరిగి, తలుపులు తట్టి, దెబ్బలు తిని సంగతి రాబడతాడు. ఇద్దరిదీ ఓపికతో చేసే పనే. నటన సంగతికొస్తే వర్తికాగా చేసిన షెఫాలీ షా, హాథీరామ్‌గా చేసిన జైదీప్ అహ్లావత్‌లలో ఒకరిని తక్కువ అనే ధైర్యం నాకు లేదు. షెఫాలీ షా కళ్లతోనే సగం డైలాగులు చెప్పేస్తుంది. 2023లో ఇంటర్నేషనల్ ఎమ్మీకి ఉత్తమ నటిగా నామినేషన్ కూడా వచ్చింది. అహ్లావత్ నడకలోనే హాథీరామ్ ఉద్యోగ జీవితం మొత్తం కనిపిస్తుంది. ఆ భుజాలు, ఆ నిట్టూర్పు, ఆ హర్యాణా యాస చూస్తుంటే ఎక్కడో ఏదో పోలీస్ స్టేషన్లో ఈ మనిషిని చూశామనిపిస్తుంది. హిందీ వచ్చినవాళ్లు దయచేసి హిందీలోనే చూడండి, ఆ యాస పోతే సగం హాథీరామ్ పోయినట్టే.

మరి దేన్ని బట్టి తేల్చాలి? నా వరకు ఒక్కటే కొలత. తన కింద పనిచేసేవాళ్లతో ఈ మనిషి ఎలా ఉంటాడు? నేరస్తుడి ముందు ప్రతి పోలీసూ గట్టిగానే మాట్లాడతాడు. పై అధికారి ముందు ప్రతి పోలీసూ తగ్గుతాడు. జూనియర్‌తో ఒంటరిగా జీపులో వెళ్తున్నప్పుడు ఎలా మాట్లాడతాడన్నదే అసలు మనిషిని చూపిస్తుంది. ఈ రెండు సిరీస్‌లూ ఆ బంధాన్ని పక్కన పెట్టకుండా కథ మధ్యలోనే పెట్టాయి. అందుకే నాకు ఇవి రెండూ మిగతావాటి కంటే ఎక్కువ ఇష్టం.

ముందు వర్తికా సంగతి. మొదటి సీజన్ 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీలో బస్సులో జరిగిన ఘోరం మీద తీసింది. అప్పటి సౌత్ ఢిల్లీ డీసీపీ ఛాయా శర్మను చూసి ఈ పాత్రను మలిచారు. ఆ కేసు తన చేతికి రాగానే వర్తికా చేసే మొదటి పని మనుషుల్ని ఎంచుకోవడం. ఎవరు పనికొస్తారు, ఎవరు పనికిరారు అన్నది ఆమెకు క్షణాల్లో తెలుస్తుంది. నిర్లక్ష్యంగా ఉన్నవాణ్ని ర్యాంకు చూడకుండా పక్కన పెడుతుంది. భూపేంద్ర సింగ్‌ను నమ్ముతుంది. ఇంట్లో కూతురి పెళ్లి సంబంధాల గొడవ నడుస్తున్నా ఆ మనిషి ఆమె ఒక్క ఫోన్‌కు కదులుతాడు. రాజేశ్ తైలంగ్ ఆ పాత్రను ఎంత నెమ్మదిగా చేశాడో. ఇక ఐపీఎస్ ట్రైనింగ్‌లో ఉన్న నీతి సింగ్ ఉంది. అప్పుడే ఉద్యోగంలోకి వచ్చిన ఆ అమ్మాయికి ఆస్పత్రిలో బాధితురాలి బాధ్యత అప్పజెబుతుంది వర్తికా. ఇంత పెద్ద కేసులో ఇంత చిన్నపిల్లకా అని నాకు మొదట్లో అనిపించింది. చూస్తూ పోతే అర్థమైంది. మంచం మీద ఉన్న అమ్మాయికి ఆ క్షణంలో కావలసింది తన వయసుకు దగ్గరగా ఉండి, తన మాట వినే మనిషి. వర్తికా అది చూసింది.

ఈ నమ్మకానికి ఒక ధర ఉంది, అది చెప్పకుండా వర్తికాను మెచ్చుకోవడం సరికాదు. ఆమె తన నుంచి ఎంత కోరుకుంటుందో కిందివాళ్ల నుంచీ అంతే కోరుకుంటుంది. కేసు తేలేదాకా ఇంటికి వెళ్లదు, వాళ్లనూ వెళ్లనివ్వదు. రెండో సీజన్లో నీతి కాపురంలో గొడవలు మొదలవుతాయి. భర్త, అత్తగారు ఒక పక్క, మేడమ్ ఫోన్ ఒక పక్క. నీతిగా చేసిన రసికా దుగల్ ముఖంలో ఆ నలుగుడు చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. వర్తికా చెడ్డది కాదు, నీతి కష్టం ఆమెకు తెలుసు కూడా. అయినా ఫోన్ చేస్తుంది. ఎందుకంటే తన కూతురి విషయంలో తను చేసిందీ అదే. ఇల్లు తర్వాత, కేసు ముందు. ఆడ ఆఫీసర్‌గా తను ఎక్కి వచ్చిన మెట్లు అవే. నీతిని కూడా అవే మెట్లు ఎక్కించాలనుకుంటుంది.

రెండో సీజన్ నాకు ఇంకో కారణానికి గుర్తుండిపోయింది. చడ్డీ బనియన్ గ్యాంగ్ పేరుతో హత్యలు జరుగుతాయి. పైనుంచి వచ్చే ఒత్తిడంతా ఒకటే: డీనోటిఫైడ్ తెగలవాళ్లను పట్టుకుని లోపల వేసేయండి, జనం శాంతిస్తారు. బ్రిటిష్‌వాళ్లు 1871 చట్టంతో పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన తెగలివి. మన దగ్గర స్టూవర్ట్‌పురం పేరు విన్న ఎవరికీ ఈ ముద్ర గురించి వేరే చెప్పక్కర్లేదు. వర్తికా ఇక్కడ కాసేపు తడబడుతుంది. ఒత్తిడికి కొంత లొంగుతుంది కూడా. తర్వాత తప్పు అనిపించి వెనక్కి తిరుగుతుంది. డీసీపీ కుర్చీలో కూర్చున్న మనిషి చేతులు కూడా ఎంత కట్టేసి ఉంటాయో ఇంత నిజాయితీగా చూపించిన సిరీస్ మన దేశంలో తక్కువ. మూడో సీజన్ మొదలయ్యేసరికి ఆమె డీఐజీగా అస్సాంలోని సిల్చర్‌లో ఉంటుంది. ఆడపిల్లల అక్రమ రవాణా మీద నడిచే ఆ సీజన్లో హుమా ఖురేషీ గట్టి ప్రత్యర్థి. అయితే టీమ్‌లో వాళ్లు ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడుకునే సీన్లు తగ్గాయి, నాకది వెలితిగా అనిపించింది.

ఇప్పుడు హాథీరామ్. అవుటర్ జమునాపార్ స్టేషన్లో ఇన్‌స్పెక్టర్. ఏళ్ల తరబడి ఒక్క పెద్ద కేసు కూడా చేతికి రాని మనిషి. స్వర్గలోకం, భూలోకం, పాతాళలోకం అంటూ ఢిల్లీని మూడు ముక్కలుగా విడగొట్టి, మన డ్యూటీ పాతాళంలో అని జూనియర్‌కు చెబుతూ పరిచయమవుతాడు. ఆ జూనియర్ ఇమ్రాన్ అన్సారీ. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, సివిల్స్‌కు ప్రిపేర్ అవుతున్నవాడు. స్టేషన్లో తోటివాళ్లు అతని ముందే అతని మతం మీద మాటలు విసురుతుంటారు. అన్సారీ తల దించుకుని పని చేసుకుంటాడు.

హాథీరామ్ అప్పుడు ఉపన్యాసం ఇవ్వడు. అదే నాకు అన్నిటికంటే నచ్చింది. అన్సారీని తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు, తనతో తిప్పుకుంటాడు, అతని పరీక్ష గురించి అడుగుతాడు. తను చదవలేనంత చదువు ఈ కుర్రాడు చదువుతున్నాడని అతనికి తెలుసు. రేపో మాపో తన నెత్తి మీదకు ఆఫీసర్‌గా వస్తాడనీ తెలుసు. మామూలుగా మన ఆఫీసుల్లో ఇలాంటి జూనియర్‌ను ఎలా చూస్తారో మనందరికీ అనుభవమే. సెలవు అడిగితే ఇవ్వరు, పరీక్ష రోజునే డ్యూటీ వేస్తారు. హాథీరామ్‌లో ఆ అసూయ మచ్చుకైనా కనపడదు. సొంత కొడుకు సిద్ధార్థ్‌తో సరిగ్గా రెండు మాటలు మాట్లాడలేని తండ్రి అన్సారీతో మాత్రం మనసు విప్పుతాడు.

అతనిలో లోపాలు లేవని కాదు. భార్య రేణు మీద చెయ్యి చేసుకుంటాడు. రేణు కూడా వెంటనే తిరిగి కొడుతుంది, గుల్ పనాగ్ ఆ సీన్లో నాకు చాలా నచ్చింది. లాకప్‌లో చేతులు ఊరుకోవు. నోరు మంచిది కాదు. ఈ విషయాల్లో వర్తికా అతని కంటే ఎంతో పైన ఉంటుంది, ఇందులో వాదన లేదు. పోలీసుగా మన జిల్లాకు ఎవరు కావాలి అని అడిగితే నేను వర్తికా పేరే చెబుతాను.

రెండో సీజన్లో అన్సారీ ఐపీఎస్ అయి వస్తాడు. హాథీరామ్ ఇంకా ఇన్‌స్పెక్టరే. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్న కుర్రాడికి నలుగురిలో "సర్" అనాలి. అహ్లావత్ ఆ మాట అంటున్నప్పుడు ముఖంలో కొంచెం గర్వం, కొంచెం ఇబ్బంది, బోలెడంత ప్రేమ కనిపిస్తాయి. మన దగ్గర యాభై దాటిన సీఐలు పాతికేళ్ల ఏఎస్పీకి సెల్యూట్ కొట్టడం రోజూ చూసేదే. ఆ సెల్యూట్ వెనక ఏముంటుందో ఇంత దగ్గరగా చూపించిన సిరీస్ నేను ఇంకోటి చూడలేదు. అన్సారీ స్వలింగ సంపర్కుడని తెలిసినప్పుడు కూడా అంతే. పాత కాలపు మనిషి, ఏం అనాలో తెలియదు, మాటలు తడబడతాయి. అయినా కుర్రాణ్ని మాత్రం వదులుకోడు. గొప్ప మాటలేవీ అనకుండానే అన్సారీకి తన దగ్గర ఎప్పుడూ చోటు ఉంటుందని తెలిసేలా చేస్తాడు.

ఆ తర్వాత నాగాలాండ్‌లో అన్సారీ హత్యకు గురవుతాడు. సీజన్ సగంలోనే. నేను ఆ ఎపిసోడ్ అయ్యాక తర్వాతది వెంటనే పెట్టలేకపోయాను. అక్కడి నుంచి హాథీరామ్ చేసే ప్రతి పనిలోనూ అన్సారీ ఉంటాడు. కేసు పరిష్కరించాలన్న పట్టుదల కంటే ఆ కుర్రాడి ప్రాణానికి జవాబు చెప్పాలన్న బాధ పెద్దదవుతుంది. ఆఖరికి తేలిన నిజం అతనికి ప్రమోషన్ తెచ్చేది కాదు, చల్లబరిచేది కూడా కాదు. మొదటి సీజన్లోనూ ఇంతే. సస్పెండ్ అయ్యాక, కేసు సీబీఐకి వెళ్లిపోయాక కూడా చిత్రకూట్ దాకా వెళ్లి హంతకుడు విశాల్ త్యాగి గతం తవ్వుతాడు. త్యాగి తాను చంపాల్సిన జర్నలిస్టును ఎందుకు చంపలేదో అతనొక్కడే కనిపెడతాడు: ఆయన కుక్కను ప్రేమించడం చూసి. అంత చిన్న విషయం పట్టుకోవాలంటే హంతకుణ్ని కూడా మనిషిగా చూసే కన్ను కావాలి. అన్సారీని చూసిందీ అదే కన్ను. అందుకే ఇష్టమైన పాత్ర ఎవరు అంటే నా జవాబు హాథీరామ్. వర్తికా తన మనుషుల చేత గొప్పగా పని చేయిస్తుంది. హాథీరామ్ తన మనిషి తనను దాటిపోతుంటే చూసి సంతోషిస్తాడు. ఈ రెండోది చేయగలిగేవాళ్లు చాలా అరుదు.

ఇక్కడ మనవాళ్ల మాట ఒకటి చెప్పాలి. ఆ రెండో సీజన్లో వ్యాపారవేత్త కపిల్ రెడ్డిగా కనిపించేది మన నగేశ్ కుకునూర్. 'హైదరాబాద్ బ్లూస్' తీసిన దర్శకుణ్ని నాగాలాండ్ రాజకీయాల మధ్య చూడటం భలేగా ఉంది.

మిగతావాళ్ల గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. 'కోహ్రా'లో సువీందర్ విక్కీ చేసిన బల్బీర్ సింగ్ మూడో స్థానంలో ఉంటాడు. జూనియర్ గరుండీతో అతని బంధం కూడా నా కొలతకు బాగానే నిలుస్తుంది, కాకపోతే మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లే కావడంతో నాకు తనివి తీరలేదు. 'దహాడ్'లో సోనాక్షీ సిన్హా చేసిన అంజలి భాటీ మంచి పాత్ర, కులం కోణం బాగుంది. 'సుడల్' మొదటి సీజన్లో కథిర్ పర్లేదు, అక్కడ శ్రియా రెడ్డి చేసిన రెజీనా ముందు మిగతావాళ్లు నిలవలేదు. సీఐడీలో ఏసీపీ ప్రద్యుమన్ మీద నాకు ప్రేమ ఉంది, 1998 నుంచి ఆ వేళ్లు తిప్పడం చూసి పెరిగినవాళ్లం. కానీ ఈ పోలికలో ఆయన్ను పెట్టడం న్యాయం కాదు, అది వేరే రకం ఆట. దూరదర్శన్‌లో రజిత్ కపూర్ చేసిన వ్యోమకేశ్ బక్షీ అయితే పోలీసే కాదు.

ఎవరితో మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకు: 'ఢిల్లీ క్రైమ్' మొదటి సీజన్ ముందు చూడండి, ఏడు ఎపిసోడ్లు. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీలో ఉత్తమ డ్రామా సిరీస్‌గా గెలిచింది, భారతీయ సిరీస్‌కు అది రావడం అదే మొదటిసారి. మనసు బరువెక్కుతుంది కాబట్టి రోజుకు ఒకటి రెండు చాలు. ఆ తర్వాత 'పాతాళ్ లోక్' రెండు సీజన్లూ వరసగా, మధ్యలో గ్యాప్ లేకుండా చూడండి. 2020లో మొదటిది, 2025లో రెండోది చూసిన మాకు అన్సారీ అయిదేళ్ల తర్వాత తిరిగి కనిపించాడు. మీకు వెంటనే కనిపిస్తాడు, పక్క సీటులోని ఆ కుర్రాడు ఇంకా కళ్ల ముందు ఉండగానే హాథీరామ్ అతన్ని "సర్" అని పిలవడం చూస్తారు.