ముందు, వెనక టైర్లల్ల గాలి సమానం పెట్టాల్నా, తేడా పెట్టాల్నా: ఏది మేలు?

శ్రీశైలం పోయే సీజన్ వచ్చిందంటే నన్ను అందరూ అడిగేది ఒకటే, అన్నా నాలుగు టైర్లకు 35 పాయింట్లు (పీఎస్ఐ, అంటే గాలి ఒత్తిడి కొలత) కొట్టిస్తే సరిపోతదా లేకుంటే ముందొకటి వెనకొకటి పెట్టాల్నా అని. మన నల్గొండల చాలా పంక్చర్ షాపులల్ల అడగకుండనే నాలుగింటికీ ఒకటే నంబరు కొట్టేస్తరు, మనం కూడా సరే అని డబ్బులిచ్చి వచ్చేస్తం.

నాలుగూ సమానం అనేది తప్పేం కాదు. ఒక్కరో ఇద్దరో ఎక్కి నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగ హైదరాబాద్ పోయి వచ్చేటోళ్లకు అదే బెస్ట్, లెక్క గుర్తుపెట్టుకునే పని లేదు. కాకపోతే ఆ నంబరు షాపాయన చెప్పింది కాదు, మీ బండిది కావాలె. డ్రైవర్ డోరు తీసి పిల్లర్ మీద చూడండి, చిన్న స్టిక్కర్ ఉంటది, చాలా బండ్లల్ల మనుషుల బొమ్మలు కూడా ఉంటయ్, ఇద్దరు ముగ్గురున్న బొమ్మ పక్కన ఒక నంబరు, నిండా మనుషులు సూట్‌కేస్ ఉన్న బొమ్మ పక్కన ఇంకోటి. చిన్న కార్లకు చాలావాటికి ఖాళీగ ఉన్నప్పుడు 30 నుంచి 33 మధ్యల ఉంటది. టైరు పక్కన అచ్చేసి ఉండే మ్యాక్స్ నంబరు కొట్టిచ్చుకునేది కాదు, అది ఆ టైరు తట్టుకునే హద్దు.

ముందు రెండు పాయింట్లు ఎక్కువ పెట్టేటోళ్లూ ఉన్నరు. దానికీ కారణం ఉంది, మన కార్లు ఎక్కువ శాతం ఇంజిన్ ముందు, లాగేదీ ముందు చక్రాలే, ఖాళీ బండి బరువుల సుమారు 60 శాతం ముందే పడతది. స్టీరింగ్ తేలికైతది, తిప్పంగనే తిరుగుతది. సిటీల బాగనే ఉంటది గానీ ఐదుగురిని ఎక్కించి డిక్కీ నింపినంక కూడా అట్లనే పోతే నాకు భయం.

ఎందుకంటే అసలు సంగతి వెనక టైర్లల్లనే ఉంది. గాలి తక్కువున్న టైరు మలుపుల పక్కకు ఒరుగుతది, చక్రం చూసే దిక్కు ఒకటైతే బండి పోయే దిక్కు ఇంకోటైతది. ముందు టైర్లు ఒరిగితే బండి మలుపు బయటికి పోతది, అది స్టీరింగ్‌లనే తెలుస్తది, యాక్సిలరేటర్ మెల్లగ వదిలితే చాలావరకు సర్దుకుంటది. వెనకవి ఒరిగితే తోక బయటికి తన్నుతది, మనం తిప్పినదానికంటే ఎక్కువ తిరుగుతది, ముందుగాల చెప్పదు. మన్ననూరు దాటి అడవిల పడి, దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్‌కు దిగే మలుపులు ఎరికే కదా, వెనక సీట్ల ముగ్గురు, డిక్కీల సామాను, ఆ బరువంత వెనక చక్రాల మీదనే, అట్లాంటప్పుడు మలుపు మధ్యల బ్రేక్ తొక్కితే ఉన్న బరువు ముందుకు జారి వెనక పట్టు ఇంకా తగ్గుతది. ఆ పరిస్థితిల వెనక గాలి తక్కువుంటే తట్టుకునుడు మామూలు డ్రైవర్‌తోని కాదు.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పాలంటే 1960లో అమెరికాల వచ్చిన షెవర్లే కార్వైర్ సంగతి చూడండి. ఇంజిన్ వెనక ఉండేది, కంపెనీ చెప్పిన గాలి ముందు 15, వెనక 26 పీఎస్ఐ. నాలుగూ సమానం కొట్టిచ్చుకుంటే ఆ బండి మలుపుల తోక విసిరేది, తర్వాత దాని సేఫ్టీ మీద దేశమంత పెద్ద గొడవైంది. మన టాటా నానోకు కూడా ఇంజిన్ వెనకనే, అందుకే ముందుకంటే వెనక టైర్లు వెడల్పు ఇచ్చిండ్రు. అన్నిట్లా చూస్కునేది ఒకటే, ముందుకంటే వెనక ముందుగాల జారొద్దు.

కాబట్టి ఫుల్ లోడ్ అయితే స్టిక్కర్ల రెండో నంబరు ఎంతుంటే అంత, కొన్ని బండ్లకు వెనక 3 ఎక్కువ, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఒకటే నంబరు ఉంటే అదే పెట్టండి, కానీ వెనకవి దానికంటే ఒక్క పాయింటు కూడా తగ్గనియ్యకండి. తిరిగొచ్చినంక మళ్ల తగ్గించుడు కూడా అవసరమే, ఖాళీ బండికి వెనక ఎక్కువుంటే గతుకులల్ల ఎగురుతది, వానల టైరు నేలకు ఆనే జాగ తగ్గి అదీ జారుతది.

మైలేజ్ కోసం నాలుగింటికీ 40 కొట్టిచ్చుడు వద్దు, నడుమ అరుగుతది, బ్రేక్ కూడా సరిగ పడదు. ఎండాకాలం కదా అని తగ్గించుడు ఇంకా తప్పు, తక్కువ గాలితోని టైరు మస్తు వేడెక్కి హైవే మీద పేలేది ఎక్కువగ అట్లనే. నైట్రోజన్ మీ ఇష్టం, మామూలు గాలిలనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

చెక్ చేసేది పొద్దుగాల, బండి తీయకముందు. రోడ్డెక్కి వేడైతే 3, 4 పాయింట్లు పెరిగి చూపిస్తది, అది చూసి గాలి తీయించకండి. స్టెప్నీల మటుకు ఆ ఎక్కువ నంబరే ఉంచండి, ముందుకు వేయాల్సొస్తే అక్కడ తగ్గించుకోవచ్చు, ఆ అడవిల గాలి నింపుకునే జాగ దొరకదు.