పెద్దపేగు క్యాన్సర్‌కి మోషన్ టెస్టా, బ్లడ్ టెస్టా?

అమెరికాలో ఉన్న మనవాళ్లకు 45 నిండగానే డాక్టరు అడుగుతారు: పెద్దపేగు పరీక్ష ఏది చేయించుకుంటారని. కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీకి జంకేవాళ్లకు ఇంట్లోనే నమూనా తీసి పంపే ఫిట్ అనే మోషన్ టెస్టు ఉంది. 2024 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన షీల్డ్ అనే రక్తపరీక్ష కూడా ఉంది. మా ఇంట్లో మాట వస్తే అందరూ రక్తం వైపే మొగ్గారు. నేను మాత్రం ఫిట్ అంటాను.

షుగర్ స్ట్రిప్ మీద గ్లూకోజ్‌ని ఎంజైమ్ పట్టినట్టు, ఫిట్‌లో యాంటీబాడీ మనిషి హిమోగ్లోబిన్‌ని పడుతుంది. పేగు లోపలి గోడ మీద పాలిప్, అంటే మున్ముందు క్యాన్సర్‌గా మారగల చిన్న కండ, ఉంటే మోషన్ దాన్ని ఒరుసుకుంటూ పోయేటప్పుడు కంటికి ఆనని రక్తం అంటుకోవచ్చు. ఆ జాడ కోసమే ఈ పరీక్ష. ముందురోజు వేటమాంసం తిన్నా ఫరవాలేదు, మేక రక్తాన్ని ఆ యాంటీబాడీ పట్టించుకోదు. పైన కడుపులో అల్సర్ కారినా ఆ రక్తంలోని గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లోని ప్రోటీన్) చాలావరకు దారిలోనే అరిగిపోతుంది. చేయాల్సిన పని కూడా చిన్నదే: గాట్లున్న సన్నని పుల్లతో పైపైన నాలుగుచోట్ల గీరి, గాట్లు నిండాక సీసాలో గుచ్చి మూత బిగించడం.

షీల్డ్ వెతికేది గడ్డ కణాల నుంచి రక్తంలో కలిసే డీఎన్‌ఏ ముక్కల్ని. గడ్డ ఎదిగితే ముక్కలు పెరుగుతాయి. పాలిప్‌గా ఉన్నప్పుడు రక్తంలోకి చేరేది బహు తక్కువ. చిక్కంతా అక్కడే. అనుమతికి ఆధారమైన అధ్యయనంలో షీల్డ్ 100 క్యాన్సర్లలో 83 పట్టింది, ముదిరిన పాలిప్‌లలో మాత్రం 13 శాతమే. దాదాపు 10,000 మందితో 2014లో వచ్చిన మరో అధ్యయనంలో ఫిట్ 74 శాతం క్యాన్సర్లను, 24 శాతం ముదిరిన పాలిప్‌లను పట్టింది. క్యాన్సర్ లెక్కలో రక్తానిదే పైచేయి, నిజమే. కానీ పాలిప్ దొరికితే తీసేస్తారు, క్యాన్సర్ దాకా పోనే పోదు. నాకు ఆ లెక్కే ముఖ్యం. పైగా ఫిట్ ఏటా చేస్తారు, ఈసారి తప్పింది వచ్చే ఏడాది చిక్కవచ్చు. షీల్డ్ మూడేళ్లకోసారి.

మోషన్‌లో డీఎన్‌ఏ కూడా చూసే కొలోగార్డ్ అదే 2014 అధ్యయనంలో 92 శాతం క్యాన్సర్లను, 42 శాతం ముదిరిన పాలిప్‌లను పట్టింది. అయితే క్యాన్సర్ గానీ ముదిరిన పాలిప్ గానీ లేనివాళ్లలో 100కి 13 మందికి పాజిటివ్ చూపింది, ఫిట్ ఐదుగురికే.

కిట్టు అల్మరాలో మూలపడుతుందని ముందే తెలిసినవాళ్లు రక్తమే ఇవ్వండి, ఏ పరీక్షా లేకపోవడం కంటే మేలు. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చినా, మోషన్‌లో రక్తం కనిపించినా ఇవేవీ వద్దు, నేరుగా డాక్టరుతో కొలనోస్కోపీ మాట మాట్లాడండి.

ఫిట్ పాజిటివ్ వచ్చాక మళ్లీ ఫిట్ చేయించి, నెగటివ్ రాగానే ఊరుకునేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి, కొలనోస్కోపీ చేయించుకోండి. పాలిప్ నుంచి రక్తం రోజూ కారదు.